నాలుగో కూసునుడు

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు చెడిపోయింది. సిద్దిపేటలో ఈ నాలుగో అంతస్తు ఇల్లు కొన్నప్పుడే మా ఆయన అన్నాడు, లిఫ్టు ఒక్కరోజు ఆగితే నీ సంగతి చూస్తానని. చూశాడు. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో పరీక్ష పేపర్ల కట్ట పట్టుకుని ఎక్కుతూ ఎక్కుతూ రెండో అంతస్తు దాటాక రెండోసారి మెట్ల మీద కూలబడ్డాను. పక్క ఫ్లాట్ ఆవిడ కిందికి వెళ్తూ చూసి ఆగింది.

"ఏంది మేడం, గీడ కూసున్నరు?" అంది.

"రెండో కూసునుడు" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడకు అర్థం కాక నవ్వి వెళ్లిపోయింది. నేను మాత్రం లేవలేకపోయాను. అలసట వల్ల కాదు.

ఆ మాట నాది కాదు. చిన్నకోడూరు అవతల ఒక చిన్న ఊళ్లో తాళ్లు, అంటే తాడిచెట్లు, గీసి కల్లు దించి బతికిన ఒక మనిషిది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. గుట్ట ఎత్తును ఆయన మీటర్లలో చెప్పేవాడు కాదు, అడుగుల్లోనూ చెప్పేవాడు కాదు. ఎక్కే మనిషి ఊపిరి అందక మధ్యలో కూర్చుంటాడు కదా, ఆ కూర్చోవడమే ఆయనకు కొలబద్ద. "గా గుట్ట నాలుగు కూసునుళ్లు మేడం" అనేవాడు. ఆ మాటను పట్టుకుని నేను నాలుగేళ్లు పట్టికలు నింపాను, గీతలు గీశాను, నలుగురి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఆ నాలుగేళ్లలో చివరి రెండేళ్లూ ఆయన తన ఒంట్లో బాగాలేదని నాకు చెప్తూనే ఉన్నాడు. ఆయన ఎలుకల గురించి చెప్తున్నాడనుకున్నాను నేను.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. పిల్లలు నా వెనక ఏమని పిలుస్తారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నేను ఎంచుకున్న పని గుట్టల మీది ఎలుకలు. పెద్ద పెద్ద పర్వతాల మీద ఏ ఎత్తులో ఏ ఎలుక కాపురం ఉంటుందో చాలామంది చూశారు, రాశారు. మన గుట్టలు ఎంతని? పొద్దున ఎక్కితే ఎండ ముదిరేలోపు దిగొచ్చేవి. అయినా వాటి మీద కూడా కింద ఒక జాతి, నడుమ ఒక జాతి, పైన ఒక జాతి ఉంటాయని, మట్టి తగ్గి బండ వచ్చేసరికి కాపురం చేసే ఎలుక మారిపోతుందని నా అనుమానం. అది తేల్చుకోవాలని ఆ ఊరి గుట్టను ఎంచుకున్నాను.

మొదట నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లాను. గుట్ట కింద చదునుగా, శుభ్రంగా ఉన్న చోటు చూసి బోన్లను వరస కట్టి పెట్టాం. నాలుగు రోజులు ఒక్కటీ పడలేదు. ఐదో రోజు పిల్లలు రాలేదు. నేనొక్కదాన్నే ఖాళీ బోన్ల తలుపులు తీసి మూస్తూ, వాటిని నోటికొచ్చినట్టు తిడుతున్నాను.

"దాన్నెందుకు తిడుతున్నరు మేడం, గదేం జేసింది?" అని పైనుంచి ఎవరో అన్నారు.

తలెత్తి చూస్తే తాడిచెట్టు మీద మనిషి. నడుముకు చెట్టెక్కే మోకు, దానికి వేలాడే కల్లు లొట్టి. ఎన్ని రోజులుగా అక్కడినుంచి మా తమాషా చూస్తున్నాడో.

"ఏం పట్టాలని పెట్టిన్రు?"

"ఎలుకలను."

"గీడ ఎల్కలేడియి? గిది తొండల జాగ. ఎల్క మీ లెక్క సాపు జాగ సూస్తదా? దానికి మీద నీడుండాలె, ఎనక దారుండాలె."

ఆవాసం అనే పాఠం చెప్పడానికి నేను కాలేజీలో గంటసేపు తీసుకుంటాను. ఆయన చెట్టు దిగకుండానే చెప్పేశాడు. ఆ తర్వాత దిగి, నా చేతిలోని బోను లాక్కున్నంత పని చేసి, పొలం గట్టు మీద ఒక బొరియ దగ్గర వంగాడు. బొరియ మూతి దగ్గరి మట్టి చిటికెడు తీసి వాసన చూశాడు. "ఉన్నడు పట్వారి" అన్నాడు. మరునాడు పొద్దున ఆ బోనులో బలిసిన పొలం ఎలుక కోపంగా కూర్చుని ఉంది.

పట్వారి అని పేరెందుకు పెట్టావని అడిగాను. "ఊరందరి వడ్లు వాని ఇంట్లనే ఉంటయి గద" అన్నాడు. అప్పటినుంచి ఆయన నాకు కాక, చిన్నాన్న వరస. నేను ఆయనకు మేడం, ఎప్పుడైనా మనసు బాగుంటే బిడ్డ.

ఎలుకలకు ఆయన పెట్టిన పేర్లు నా నోట్సులో ఇప్పటికీ ఉన్నాయి. గట్టు మీద పట్వారి. నడుమ రేగు కంపల్లో, సీతాఫలం చెట్ల కింద పొదెల్క. అన్నిటికంటే పైన, బండల సందుల్లో ఉండేది సన్నటి ఒళ్లు, తెల్లటి కడుపు, ఒంటికంటే పొడుగు తోక ఉన్న ఎలుక. దానికి ఆయన దొరసాని అని పేరు పెట్టాడు. కిందికి దిగదు, ఎవరితో కలవదు, కొంగు జీరాడుతున్నట్టు తోక ఈడ్చుకుంటూ పోతుంది అనేవాడు. ఒక్కో ఎత్తుకు ఒక్కో ఎర. గట్టు మీదివాడికి వడ్లు, నడుమదానికి పల్లీలు, దొరసానికి కుడుక, అంటే ఎండుకొబ్బరి, ముక్క కాల్చి పెట్టాలి. నేను అన్ని బోన్లలో ఒకే ఎర ఉండాలని, లేకపోతే పోల్చడానికి వీల్లేదని వాదించాను. "మీ ఇంటికి సుట్టాలొస్తే అందరికి ఒక్కతీరే పెడ్తరా?" అన్నాడు. వారం రోజులు గొడవ పడ్డాక అన్నిటికీ కుడుకే పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని, గట్టు మీది బోన్ల దగ్గర గుప్పెడు వడ్లు చల్లేవాడని తర్వాత పట్టుకున్నాను.

పట్టిన ఎలుకను తూచి, తోకా కాలూ కొలిచి, ఒంటి మీద చిన్న గుర్తు పెట్టి వదిలేయడం నా పని. అది ఆయనకు మింగుడు పడలేదు. "పట్టుడెందుకు, ఇడుసుడెందుకు?" అని మొదటి నెలంతా అడిగాడు. ఊళ్లో వాళ్లు ఆటపట్టించేవారు, ఎల్కలకు సంబంధాలు చూస్తున్నావా అని. ఆయన ముఖం మార్చకుండా, "దొరసానికి ఒక సంబంధం వచ్చింది, పిలగాడు మీ ఇంట్ల ఉన్నడట, బొరియ సూపియ్యున్రి" అనేవాడు.

ఆయనతో మొదటిసారి పైదాకా ఎక్కిన రోజు నాకు బాగా గుర్తుంది. చెట్టు ఎక్కే పని లేకపోయినా మోకు భుజాన ఉంది. ఎందుకు కాకా అంటే, అది లేకుంటే భుజం ఒకపక్కకు ఒరిగినట్టు ఉంటది అన్నాడు. కూర్చునే ముందు బండను అరచేత్తో మూడుసార్లు తట్టేవాడు. "ఉన్నరా?" అని అడిగేవాడు. బండ కింద పామో తేలో ఉంటే జరగడానికి టైం ఇవ్వాలి కదా. కూర్చున్నాక ముఖం ఎప్పుడూ దిగువకే. ఇంకెంత ఉందో చూడడు, ఎంత ఎక్కామో చూస్తాడు. నీళ్లు తాగడు. దిగాకే తాగుతాడు. నేను మాత్రం ప్రతి పది అడుగులకీ సీసా ఎత్తుతుంటే, "మీరు గుట్ట ఎక్కుతున్నరా, చెర్వు మింగుతున్నరా?" అన్నాడు.

ఆ రోజు ఆయన నాలుగుసార్లు కూర్చున్నాడు. కంపలు మొదలయ్యే చోట ఒకటి. సీతాఫలాల నడుమ రెండోది. మట్టి పోయి బండలు మొదలయ్యే చోట మూడోది. కొసన నాలుగోది. నేను ప్రతిచోటా ఫోన్లో ఎత్తు చూసి రాసుకున్నాను. ఇంటికొచ్చి చక్కగా పట్టిక వేశాను. మొదటి కూసునుడు ఇంత ఎత్తు, రెండోది ఇంత, మూడోది ఇంత, నాలుగోది ఇంత. ఇక నుంచి ఆయన ఏ కూసునుడు చెప్తే ఆ ఎత్తు వేసుకుంటే సరిపోతుందని సంబరపడ్డాను.

ఎందుకు నమ్మానంటే, ఆయన ఒంటితో కొలిచింది ఏదీ తప్పు పోయేది కాదు. ఎలుకను మెడ దగ్గర పట్టుకుని తోకను అరచేతి మీద పరిచి, "జానెడు మీద రెండు వేళ్లు" అనేవాడు. నేను స్కేలు పెడితే అంతే ఉండేది. పదిసార్లు పరీక్షించి స్కేలు సంచిలో పెట్టేశాను. జాన మారదు. వేలు మారదు. ఊపిరి మారుతుందని, అదీ జీవశాస్త్రం చెప్పే నాకు, తట్టలేదు.

మొదటి ఏడాది చాలాసార్లు వెంట వెళ్లాను. నా అనుమానం నిజమేనని తేలింది. కింద పట్వారి, నడుమ పొదెల్క, పైన దొరసాని, ఒకరి వాకిట్లోకి ఒకరు అడుగు పెట్టలేదు. రెండో ఏడాది కాలేజీలో తనిఖీలు, ఫైళ్లు, మీటింగులు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే, గుట్ట ఎక్కాలంటే బద్ధకం కూడా మొదలైంది. బోన్లు ఆయనకే అప్పగించాను. "నాలుగు కూసునుళ్లకాడ రెండేసి బోన్లు పెట్టు కాకా, ఏది ఏడ పడ్డదో ఫోన్ల చెప్పు" అన్నాను. సరే అన్నాడు.

రాయడం ఆయనకు చేతకాదు. ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్పాను. పొద్దున్నే వచ్చేది. "మేడం, ఒకటో కూసునుడుకాడ ఒక పొదెల్క. రెండో కూసునుడుకాడ రెండు పొదెల్కలు. మూడోకాడ ఏం పడలే. నాలుగోకాడ దొరసాని పడ్డది, సూలుతోని ఉన్నది, ఎంటనే ఇడిసిన." వెంట ఫొటోలు పంపేవాడు. ఫొటోలో ఎలుక ఉండేది, వెనక ఒక బండ ఉండేది. ఆ గుట్ట నిండా బండలే.

నేను ఎవరి వాయిస్ మెసేజ్ అయినా రెండింతల వేగం పెట్టి వింటాను. ఓపిక తక్కువని చెప్పాను కదా. ఆ వేగంలో ఆయన గొంతు హుషారుగా, కుర్రాడి గొంతులా వినిపించేది. ఇడ్లీ తింటూ వినేసి, పట్టికలో అంకెలు వేసేసి, కాలేజీకి పరిగెత్తేదాన్ని.

మూడో ఏడాది ఎండాకాలం నుంచి పట్టిక మారడం మొదలైంది. పట్వారి ఒకటో కూసునుడు దగ్గర పడ్డాడు. ఎప్పుడూ లేనిది. తర్వాత రెండో దాని దగ్గరా పడ్డాడు. పొదెల్కలు మూడో కూసునుడుకు చేరాయి. దొరసాని అరుదైపోయింది. వెంటనే తేల్చేశాను. ఎండలు ముదురుతున్నాయి, చల్లటి చోటు వెతుక్కుంటూ కింది ఎలుకలు పైకి ఎక్కుతున్నాయి. ప్రపంచంలో పెద్ద కొండల మీద జరుగుతోందని చదివింది నా కళ్ల ముందు, మా సిద్దిపేట పక్కన జరుగుతోంది. ఆ ఏడాదే ఒకరోజు ఆయన మెసేజ్ చివర్లో అన్నాడు, "చెట్టెక్కుడు బంజేసిన మేడం, తాళ్లు మా తమ్ముని కొడుక్కిచ్చిన" అని. మంచిదే కాకా, ఇక బోన్లకు టైం దొరుకుతుంది అని జవాబు పెట్టాను. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి తాడిచెట్టు ఎక్కిన మనిషి ఎక్కడం ఎందుకు మానేస్తాడని ఒక్క ముక్క అడగలేదు.

నాలుగో ఏడాది నాలుగో కూసునుడు దగ్గర కూడా పొదెల్కలే పడ్డాయి. దొరసాని ఒక్కటీ లేదు. నెలలు చూశాను, లేదు. పైకి వచ్చిన పొదెల్కలు దాని జాగా ఆక్రమించాయి, ఇంకా పైకి పోదామంటే దానికి గుట్ట లేదు, అందుకే లేకుండా పోయింది అని రాశాను. హైదరాబాదులో ఒక సదస్సులో చదివాను. దొరసాని ఫొటో తెరమీద వేసి, "బహుశా ఇదే దీని చివరి ఫొటో" అని చెప్పాను. ఒక ఎలుక కోసం ఏడ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సంబరంలోనే స్వీటు డబ్బా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. చూశాను. చూసి, ముసలితనం అనుకున్నాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, అంతే.

"కాకా, మన ఎలుకలు గుట్టెక్కుతున్నయి" అన్నాను.

"ఎక్కుతున్నయా?" అన్నాడు. ఆయన ముఖంలో ఏదో అయోమయం. "ఎల్కలు ఏడియాడనే ఉన్నయి గద మేడం. నేనే..."

నేను మాట పూర్తి కానివ్వలేదు. ఎండల గురించి, భూమి వేడెక్కడం గురించి, సదస్సులో ఎవరెవరు మెచ్చుకున్నారో దాని గురించి గడగడా చెప్పుకుపోయాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివరికి, "పాపం దొరసాని పోయింది కాకా" అన్నాను.

"దొరసాని ఏడికి పోతది బిడ్డా? అది ఉంటది. మనమే పోతలేము" అన్నాడు.

ఆ మాటను పెద్దాయన వేదాంతం కింద జమకట్టాను. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. తాగి, ఆయన చేతిలో స్వీటు డబ్బా పెట్టి, బస్సు టైం అయిందని వచ్చేశాను.

రెండు నెలల తర్వాత పొద్దున్నే ఆయన నెంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. అలవాటు ప్రకారం నొక్కాను. ఆయన గొంతు కాదు, వాళ్లావిడది. "మేడం, మీ కాక లేడు" అని, వెంట ఏడుపు. ఫోను దాని వేగం దానిది. ఆ ఏడుపును కూడా నేను రెండింతల వేగంతో విన్నాను.

ఆ రోజు నాకు పరీక్ష డ్యూటీ పడింది. చివరి చూపుకు వెళ్లలేదు. పదకొండో రోజున వెళ్లాను. చుట్టాలు తిని వెళ్లిపోయాక చిన్నమ్మ, అంటే ఆయన భార్య, నా పక్కన వచ్చి కూర్చుంది. "దవాఖానల అన్నరు, గుండె ఎప్పటి సందో ఖరాబైందట. రెండేండ్ల కింద తెస్తే గోలీల మీద నడిచేదట" అంది. రెండేళ్లు అన్న మాట నా చెవిలో పడింది గాని, దేనికీ అతకలేదు.

"బోన్లు గుట్ట మీదనే ఉన్నయి బిడ్డా, తీస్కపోదువు రా" అంది. ఆఖరి ఏడాది ఆయన వెంట బోన్లు మోసింది ఆవిడేనట. నాకు అదీ తెలియదు. ఇద్దరం బయల్దేరాం. పొలం గట్టు దాటి కొంచెం నడిచామో లేదో, కంపలు ఇంకా రానేలేదు, ఒక బండ దగ్గర ఆగింది. రెండు బోన్లు తీసి నా చేతికిచ్చింది.

"గిది ఒకటో కూసునుడు" అంది.

కాదు చిన్నమ్మా, ఒకటోది కంపల దగ్గర అనేలోపే ఆవిడ కదిలింది. ఇంకొంచెం ఎక్కాక, కంపల మొదట్లోనే, "గిది రెండోది" అంది. మూడోది కంపల్లోనే, ఇరవై ముప్పై అడుగులు పైన. నాలుగోది సీతాఫలం చెట్ల నడుమ. చివరి రెండు బోన్లు అక్కడ బోర్లా పడి ఉన్నాయి. తలెత్తి చూస్తే సగం గుట్ట ఇంకా పైనే ఉంది.

"పైన పెట్టలేదా?" అన్నాను.

"మీదికి పోక రెండేండ్లు. గీడికొచ్చేసరికే దమ్ము ఆగకపోయేది. నాలుగు కూసునుళ్లన్నది మేడం, నాలుగైనయి, సాలు అనేటోడు. ఒక్కోపారి రెండడుగులకే కూసుండేటోడు. నీ ఎల్కలు పాడుగాను, ఇంటికాడ ఉండు అంటే ఇనకపోయేటోడు."

అప్పుడు అర్థమైంది. ఒక్క ఎలుకా ఇల్లు మారలేదు. పట్వారి గట్టు పక్కనే ఉన్నాడు, పొదెల్క కంపల్లోనే ఉంది. ఆయన కూసునుళ్లు ఒకదాని పక్కకి ఒకటి జరిగి కిందికి వచ్చాయి. నేను గీసిన గీత, సదస్సులో అందరూ మెచ్చుకున్న గీత, ఎలుకలు ఎక్కిన గీత కాదు. ఒక మనిషి గుండె ఆగిపోతూ వచ్చిన తీరు. నెల నెలా తేదీలతో సహా నా దగ్గర ఉంది. దానికి నేను రంగులు వేసి చూపించాను.

బోన్లు చిన్నమ్మ పక్కన పెట్టి, ఆవిడను అక్కడే కూర్చోమని ఒక్కదాన్నే పైకి ఎక్కాను. ఎక్కడా కూర్చోలేదు, కోపంతో ఎక్కాను, ఎవరి మీద కోపమో చెప్పక్కర్లేదు. కొసన బండల సందుల్లో తాజా పెంటికలు, కొరికేసిన సీతాఫలం గింజలు. ఒక సందులోకి ఫోన్ లైటు వేస్తే లోపల తెల్లటి కడుపు, పొడుగు తోక. ఒకటి కాదు, మూడు. హాయిగా ఉన్నాయి. తర్వాత నా వ్యాసం తప్పని రాసి వెనక్కి తీసుకున్నాను. నా తోటివాళ్లంతా అయ్యో అన్నారు, వ్యాసం పోయినందుకు.

ఆ రోజు గుట్ట కొసనే కూర్చుని ఆయన పాత మెసేజ్‌లు తీసి, మొదటిసారి, మామూలు వేగంతో విన్నాను. "మేడం" అన్నాక ఊపిరి. "ఒకటో కూసునుడుకాడ" అన్నాక మళ్లీ ఊపిరి. ఒక్కో మాటకూ మధ్య గాలి లాక్కోవడం, గొంతులో పిల్లికూత. ఒకదాంట్లో వెనకనుంచి చిన్నమ్మ గొంతు, "ఇగ సాలు, ఇంటికి పోదాం పా" అంటోంది. రెండేళ్ల పాటు పొద్దున్నే ఇడ్లీతో పాటు విన్నాను ఇవన్నీ. నాలుగైదు విన్నాక ఇంక నావల్ల కాలేదు.

దిగి వచ్చేసరికి చిన్నమ్మ రాలిన సీతాఫలాలు ఏరి కొంగులో కట్టుకుంటోంది. పక్కన కూర్చున్నాను.

"మరి దవాఖానకు ఎందుకు తీస్కపోలేదు చిన్నమ్మా?" అన్నాను. నా గొంతులో ఆవిడను నిలదీస్తున్నట్టు వినిపించి సిగ్గేసింది.

"నేను అనకనా బిడ్డా? పోదాం పోదాం అని చెవుల పోరిన. ముందుగాల మేడంను అడుగుత అన్నడు. మీ కాలేజికి వచ్చినప్పుడు గుండె బొమ్మ సూసిండట గద. మేడం పిల్లలకు గుండె గురించే సదువు చెప్తది, ఆమెకు ఎరుకుంటది, ఆమె పొమ్మంటే పోదాం అన్నడు. నీ మాట అంటే ఆయనకు గురి." పండు మీది మట్టి తుడిచి కొంగులో వేసింది. "అడిగిండా?"

అడగలేదు అంటే సరిపోయేది. ఆవిడ మొగుణ్ణి నాలుగు తిట్టుకుని, ఏడ్చి, ఊరుకునేది.

"అడిగిండు" అన్నాను.

అడిగాడు. మెసేజ్ కాదు, ఫోనే చేశాడు. ఆయన ఫోను చేయడమే అరుదు. "మేడం, గుండె గురించి మీకు ఎరుకేనట గద?" అన్నాడు. ఎరుకే కాకా, అది పెద్ద పాఠం, తీరిగ్గా చెప్తా, ముందు దొరసాని పడ్డదా చెప్పు అన్నాను. పడలే అన్నాడు. మరి ఇంకో నాలుగు రోజులు పెట్టి చూడు అన్నాను. సరే బిడ్డా అని పెట్టేశాడు. మళ్లీ అడగలేదు.

"ఏం జెప్పినవ్?" అంది చిన్నమ్మ.

"తర్వాత చెప్తానన్న."

ఆవిడ నావైపు చూడలేదు. కొంగు ముడి బిగించి, మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది. నేను ఎత్తుకున్న బోన్లలో సగం తను తీసుకుంది.

"పనిల ఉంటివి కావచ్చు తియ్యి" అంది.

ఆయన ఫోను చేసింది ఆదివారం. ఆ రోజు నాకు ఏ పనీ లేదు.